ఆరంగుళాలా, పన్నెండంగుళాలా? యాక్షన్ ఫిగర్ల సైజు, నాణ్యత ఎలా తేల్చుకోవాలి

ప్రశ్న ఇదీ: దగ్గర పది దాకా యాక్షన్ ఫిగర్లున్నాయి (కీళ్లు కదిలే పాత్రల బొమ్మలు). హాస్బ్రో మార్వెల్ లెజెండ్స్ కొన్ని, మెక్‌ఫార్లేన్ బ్యాట్‌మాన్‌లు రెండు, జపాన్ నుంచి వచ్చిన ఫిగువార్ట్స్ ఒకటి. అన్నీ ఒకే అరలో పెడితే పొంతన కుదరడం లేదు. ఇకమీదట ఒకే సైజులో కొనాలి, 3.75, 6, 7, 12 అంగుళాల్లో ఏది మేలు? సైజు పెరిగేకొద్దీ నాణ్యత కూడా పెరుగుతుందా? ఉన్నది 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 లోతు, అరకీ అరకీ మధ్య 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అద్దాల అలమారా.

ముందు సైజు తేల్చండి, కంపెనీ సంగతి తర్వాత. మీ అలమారాకి, మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటికి 1:12 స్కేలే, అంటే ఆరంగుళాలదే సరి. పెద్దదైతే నాణ్యమైనదనే లెక్క మాత్రం తప్పు. ఒక్కో సైజులో ఒక్కో చోట నాణ్యత బయటపడుతుంది, ఒక్కో చోట దెబ్బతింటుంది. ఆ చోట్లు తెలిస్తే ఏ కంపెనీ బొమ్మనైనా రెండు నిమిషాల్లో తూచేయొచ్చు.

పెట్టెమీద రాసే అంగుళాలు వేరు, స్కేల్ వేరు. చాలామంది మొదట ఇక్కడే తికమక పడతారు. స్కేల్ అంటే నిష్పత్తి. పాత్ర అసలు ఎత్తుని 12తో భాగిస్తే 1:12 బొమ్మ ఎంతుండాలో వస్తుంది. ఆరడుగుల మనిషి అంటే 183 సెంటీమీటర్లు. 1:18లో 10.2, 1:12లో 15.25, 1:10లో 18.3, 1:6లో 30.5 సెంటీమీటర్లు వస్తాడు. 3.75 అంగుళాల బొమ్మల్ని 1:18 అని, 6 అంగుళాలవాటిని 1:12 అని, 7 అంగుళాలవాటిని 1:10 అని, 12 అంగుళాలవాటిని 1:6 అని కలెక్టర్లు పిలవడం ఈ లెక్క మీదే.

మీ అలమారాలో జరిగింది కూడా ఇదే. కామిక్స్ లెక్కన బ్యాట్‌మాన్, కెప్టెన్ అమెరికా ఇద్దరూ 6 అడుగుల 2 అంగుళాలు, అంటే 188 సెంటీమీటర్లు. మెక్‌ఫార్లేన్ వాళ్ల 1:10లో బ్యాట్‌మాన్ 18.8 వస్తాడు, హాస్బ్రో వాళ్ల 1:12లో కెప్టెన్ 15.7 వస్తాడు. తేడా మూడు సెంటీమీటర్లే. కానీ 1:12 ప్రపంచంలో నిలబెట్టిన ఆ బ్యాట్‌మాన్ దాదాపు 226 సెంటీమీటర్ల మనిషితో సమానం, ఏడున్నర అడుగులకి కాస్త తక్కువ. కన్ను ఊరుకోదు మరి. మీటరు దూరం నుంచి చూసినా పట్టేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. స్కేల్ సరిగ్గా పాటిస్తే అన్ని బొమ్మలూ ఆరంగుళాలు ఉండకూడదు. వుల్వరిన్ కామిక్స్‌లో 5 అడుగుల 3 అంగుళాలు; 1:12లో 13.3 సెంటీమీటర్లకి మించకూడదు. కెప్టెన్ గడ్డం దాటి తల పైకి రాని వుల్వరిన్ దొరికితే ఆ బొమ్మ చేసినవాళ్లు పని తెలిసినవాళ్లే. పొట్టి పాత్రకీ పొడుగు పాత్రకీ ఒకే శరీరం అచ్చు వాడేసి తల మాత్రం మార్చడం ఖర్చు తగ్గించుకునే మార్గం, దాదాపు అన్ని పెద్ద కంపెనీలూ చేస్తాయి. అందుకే కొనేముందు 'ఎన్ని అంగుళాలు' అని కాకుండా 'ఎన్ని సెంటీమీటర్లు' అని వెతకండి. జపాన్ కంపెనీలు బొమ్మ వివరాల్లో సుమారు ఎత్తుని తరచూ మిల్లీమీటర్లలోనే వేస్తాయి.

జపాన్ బొమ్మల విషయంలో ఒక హెచ్చరిక. బండాయ్ 2008లో మొదలుపెట్టిన ఎస్.హెచ్.ఫిగువార్ట్స్, అదే ఏడాది మాక్స్ ఫ్యాక్టరీ తెచ్చిన ఫిగ్మా రెండూ 1:12కి దగ్గర్లో ఉంటాయి కానీ కచ్చితంగా ఆ స్కేల్ అని మాట ఇవ్వవు. చాలా ఫిగువార్ట్స్ హాస్బ్రోవాటికంటే అర సెంటీమీటరు, ఒక్కోసారి సెంటీమీటరు పొట్టిగా, సన్నగా ఉంటాయి. మెడికామ్ వాళ్ల మాఫెక్స్ 16 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండి హాస్బ్రో పక్కన బాగా కలుస్తాయి. అర సెంటీమీటరు లోపు తేడా ఉంటే పాదాల కింద పారదర్శకమైన అక్రిలిక్ ముక్క పెట్టి సర్దేయొచ్చు. అంతకు మించితే తలల సైజు తేడా కనబడుతుంది, దానికి మందు లేదు.

ఈ సైజులు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఎవరు దేన్ని ఎందుకు ఇష్టపడతారో కూడా అర్థమవుతుంది. 1964లో హాస్బ్రో జీ.ఐ.జో అనే సైనికుడి బొమ్మ తెచ్చినప్పుడు అది పన్నెండు అంగుళాల, బట్టలు మార్చే బొమ్మ. 'డాల్' అంటే మగపిల్లలకి కొనిపెట్టరేమోనని 'యాక్షన్ ఫిగర్' అన్న పేరు అప్పుడే తగిలించారు. డెబ్బైల్లో మేగో కంపెనీ ఎనిమిది అంగుళాలకి దించింది. 1978లో కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మల్ని 3.75 అంగుళాలకి తేవడంతో ఆట మారిపోయింది. అంత చిన్న బొమ్మయితేనే అది కూర్చునే అంతరిక్ష నౌకను పిల్లలు కొనగలిగే ధరలో, ఇంట్లో పట్టే సైజులో చేయొచ్చు. 1982లో జీ.ఐ.జో కూడా అదే సైజుకి దిగింది; 1985లో ఏడున్నర అడుగుల పొడవైన విమానవాహక నౌక బొమ్మ కూడా వచ్చింది. అదే నౌక 12 అంగుళాల బొమ్మలకి తగ్గట్టు చేయాలంటే గది మొత్తం కావాలి.

అంటే 3.75 ప్రియులకి కావలసింది బొమ్మ ఒక్కటే కాదు, బొమ్మతోపాటు బండి, గుడారం, కోట, సైన్యం. 1:18 కారు 25 సెంటీమీటర్లుంటుంది, అదే 1:12లో 37, 1:6లో 75. బురాగో, మైస్టో లాంటి కంపెనీల 1:18 డైకాస్ట్ (లోహం పోసి చేసే) కార్లు మన దుకాణాల్లోనూ మామూలుగా దొరుకుతాయి కాబట్టి రోడ్డు దృశ్యాలు కట్టాలనుకునేవాళ్లకి ఈ సైజు చవక. 1:12 వాళ్లకి కారు కష్టం, మోటార్‌సైకిల్ మాత్రం సుళువు: మైస్టో 1:12 బైకులు 17, 18 సెంటీమీటర్లుంటాయి, ఆరంగుళాల బొమ్మ సరిగ్గా కూర్చుంటుంది.

ఆరంగుళాల హవా 2002లో టాయ్ బిజ్ కంపెనీ మార్వెల్ లెజెండ్స్‌తో బలపడింది. 2007 నుంచి ఆ వరస హాస్బ్రో చేతికొచ్చింది. 2013లో స్టార్ వార్స్ బ్లాక్ సిరీస్, 2020లో జీ.ఐ.జో క్లాసిఫైడ్ అదే సైజులో రావడంతో ఒకే అరలో మూడు ప్రపంచాల మనుషులూ కలిసి నిలబడే వీలొచ్చింది. జపాన్ బొమ్మలూ దాదాపు ఇక్కడే ఉన్నాయి. వాడినవి కొనడానికీ, తుపాకులు, చేతులు, తలలు విడిగా దొరకడానికీ ఇంత పెద్ద సంత మరో సైజుకి లేదు. నేను 1:12 అంటున్నది ప్రధానంగా ఇందుకే. రాక్షసుల్లాంటి పాత్రలు కూడా దీనికి తగ్గట్టు వచ్చాయి: 2021లో హాస్బ్రో ముందస్తు చందాల మీద చేసిన గెలాక్టస్ 32 అంగుళాలు, అంటే 81 సెంటీమీటర్లు. మీ అలమారాలో పట్టదు, అలమారా పైన పెట్టుకోవాల్సిందే.

ఏడంగుళాలు వేరే లోకం. నెకా, మెక్‌ఫార్లేన్, సూపర్7 వాళ్లది. 1994లో మొదలైన మెక్‌ఫార్లేన్ కంపెనీ చెక్కుడు పనితనానికి పేరు తెచ్చుకుంది, కీళ్లకి కాదు. 2020 నుంచి తెచ్చిన డీసీ మల్టీవర్స్ బొమ్మల్లో కీళ్లు బాగానే ఉన్నా ఆ మొగ్గు పోలేదు. భయానక సినిమాల పాత్రలు ఇష్టమైతే నెకా దారే దారి. ఒకసారి దిగితే ఆ సైజులోనే ఉండిపోండి. ఆరు, ఏడు కలపడమే అందరూ చేసే ఖరీదైన పొరపాటు.

ఇక నాణ్యత. ముందు ముఖం చూద్దాం, ఎందుకంటే సైజు ప్రభావం ముఖంలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. మనిషి తల ఎత్తు 23 సెంటీమీటర్లనుకుంటే 1:18లో 13 మిల్లీమీటర్లు, 1:12లో 19, 1:6లో 38. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం అసలు మనిషిలో 12 మిల్లీమీటర్లుంటుంది. 1:12లో అది ఒక్క మిల్లీమీటరు, 1:18లో 0.67, 1:6లో రెండు. పెయింట్ వేసే యంత్రం అర మిల్లీమీటరు పక్కకి జరిగితే 1:6లో చూపు కాస్త వంకర పోతుంది. 1:12లో మెల్లకన్ను వస్తుంది. 1:18లో కన్ను చెంపకి ఎక్కుతుంది. చిన్న బొమ్మల్లో ముఖాలు బాగుండవని తిట్టేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. పది రోజుల తేడాతో చేసిన అదే బొమ్మలో ఒకటి అందగాడిలా, ఇంకొకటి తాగినవాడిలా ఎందుకుంటుందో కూడా ఇదే చెబుతుంది.

పాత పద్ధతిలో స్టెన్సిల్ పెట్టి స్ప్రే చేసేవాళ్లు, మెత్తని రబ్బరు ప్యాడ్‌తో అద్దేవాళ్లు. ఇప్పుడు హాస్బ్రో, బండాయ్ రెండూ ముఖాన్ని డిజిటల్‌గా ప్రింట్ చేస్తున్నాయి. దగ్గరగా చూస్తే ఇంక్‌జెట్ చుక్కలు కనబడతాయి, అది లోపం కాదు. లోపం ఎక్కడంటే, ప్రింటు చెక్కిన కనుబొమ్మ మీద కాకుండా పక్కన పడటం. ఫోన్ కెమెరాతో ముఖాన్ని తిన్నగా, ముక్కు ఎదురుగా తీసి పెద్దది చేయండి. రెండు కళ్లూ చెక్కిన గుంటల మధ్యలో ఉన్నాయా, పెదవి రంగు పెదవి అంచు దాటిందా చూడండి. కిటికీ ఉన్న పెట్టె అయితే దుకాణంలోనే చేయొచ్చు. హాస్బ్రో 2022 ప్రాంతంలో ప్లాస్టిక్ కిటికీలు తీసేసినప్పుడు కలెక్టర్లు గోల పెట్టింది దీనికోసమే. ఆ తర్వాత మళ్లీ కిటికీలు తెచ్చారు. ఆన్‌లైన్‌లో కొంటే పార్సెల్ టేపు కోయడం నుంచి బొమ్మ బయటికి తీసేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. వాపసు అడిగినప్పుడు మాటల కన్నా అదే పనికొస్తుంది.

కీళ్ల విషయానికొస్తే, సంఖ్య చూసి మోసపోకండి. '30 పాయింట్ల ఆర్టిక్యులేషన్' (30 చోట్ల కదలిక) అని రాసినా మోచేయి 90 డిగ్రీల దగ్గర ఆగిపోతే తుపాకి రెండు చేతులా పట్టలేడు. చూడాల్సినవి నాలుగు: మోచేతికి, మోకాలికి రెండు మడతలున్నాయా; భుజం ఛాతీలోకి ముందుకు వచ్చే బటర్‌ఫ్లై కీలు ఉందా; చీలమండ పక్కకి వంగుతుందా; తల పైకెత్తగలదా. నాలుగింట్లో చీలమండే ముఖ్యం. కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు పాదం పక్కకి వంగి నేలకి ఆనకపోతే ఎంత అందమైన బొమ్మయినా కర్రలా నిలబడాల్సిందే, లేదా పడిపోవాల్సిందే. బొమ్మలు అరలోంచి దూకడం అని నవ్వుకునే సంగతి సగం ఈ చీలమండ వల్లే.

పాత హాస్బ్రో బొమ్మల్లో మోచేతి, మోకాలి పక్కన వేరే రంగు పిన్ను తల కనబడేది. 2020 తర్వాత వచ్చిన అచ్చుల్లో పిన్ను కనబడకుండా రెండు అర్ధభాగాల్ని లోపలే కలిపేస్తున్నారు. చూపుకి ఇదే మేలు. కానీ బిగుసుకుపోతే పాతదాన్లో పిన్ను తట్టి బయటికి తీయొచ్చు, కొత్తదాన్లో కుదరదు.

చిన్న సైజులో కీలు ఎక్కువయ్యేకొద్దీ ఇరుసు సన్నబడుతుంది. ఫిగువార్ట్స్ మణికట్టు పెగ్గు, అంటే చేతిని తగిలించే చిన్న మేకు, చాలా సన్నం, పైగా నాలుగైదు జతల చేతులు మార్చుతూ ఉంటాం. విరిగేది అక్కడే. ఈ పెగ్గుల్ని తరచూ పీఓఎం అనే జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు: అరగదు, నూనె అక్కర్లేదు, కానీ పెయింట్ నిలవదు, జిగురు అంటదు. కాబట్టి విరిగిన పెగ్గుకి ఫెవిక్విక్ పూసి లాభం లేదు. రెండు వైపులా విరిగిన చోటుని చదునుగా కోసి, చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో ఒక మిల్లీమీటరు రంధ్రం నాలుగు మిల్లీమీటర్ల లోతు వేసి, కాగితం క్లిప్పు తీగ ముక్క దూర్చి, తీగకి మాత్రం చుక్క సూపర్‌గ్లూ పెట్టండి. జిగురు కీలులోకి జారితే ఆ చేయి ఇక తిరగదు. ముఖం దగ్గర, పారదర్శకమైన భాగాల దగ్గర సూపర్‌గ్లూ అసలు వాడొద్దు. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి తెల్లటి పొగలా పేరుకుంటుంది.

బొమ్మ పెట్టెలోంచి తీయగానే కీలు బిగుసుకుపోయి ఉంటే బలం చేయొద్దు. రెండు ముక్కల మీద పెయింట్ కలిసి ఎండిపోయి ఉంటుంది, తిప్పితే ఇరుసే మెలితిరిగి తెగుతుంది. నీళ్లు మరిగించి, పొయ్యి కట్టేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆ భాగాన్ని 30 సెకన్లు ముంచి, తీసి, మెల్లగా ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. రాకపోతే మళ్లీ ముంచండి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ ఆ వేడికి లొంగుతుంది. గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటితేగాని మెత్తబడదు, కాబట్టి రెండూ కలిసిన కీలులో మెత్తనిదే సాగుతుంది. వంగిన కత్తి, వాలిన కాలు సరిచేయడానికీ ఇదే పద్ధతి, చివర్లో తిన్నగా పట్టుకుని చల్లటి నీళ్లలో నిమిషం ఉంచితే ఆ ఆకారం నిలుస్తుంది. డైకాస్ట్ లోహం, ఎల్‌ఈడీ, బట్ట ఉన్న భాగాల్ని నీళ్లలో ముంచకండి, హెయిర్ డ్రయ్యర్ వాడండి.

కీలు వదులైతే రెండు మార్గాలు. ఊడదీయగల పెగ్గు అయితే ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు ఒక చుట్టు, మహా అయితే రెండు. ఊడని బంతి కీలైతే నీటితో చేసిన అక్రిలిక్ వార్నిష్‌ని సన్నటి కుంచెతో బంతి మీద పలుచగా రాసి, పూర్తిగా ఆరేదాకా, ఒక రోజు, కదపకుండా వదిలేయండి. గోళ్ల రంగు వాడమని చెప్పేవాళ్లుంటారు, వద్దు. అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ని, పెయింట్‌ని తింటుంది. బిగుసుకున్న కీలుకి మెషీన్ ఆయిల్, కొబ్బరినూనె కూడా వద్దు. సిలికాన్ గ్రీజు ఒక్కటే క్షేమం. ఇలాంటి నూనెలు తగిలిన ఏబీఎస్ ఒత్తిడి పడే చోట నెమ్మదిగా పగులుతుంది, ఆ పగులు నెలల తర్వాతగానీ బయటపడదు.

మన వాతావరణం గురించి విదేశీ సలహాలు చదివితే సరిపోదు. ఏప్రిల్, మే నెలల్లో మూసిన గదిలో అద్దాల అలమారా లోపల వేడికి పీవీసీ కాళ్లు బొమ్మ బరువుని మోయలేవు. ఒంటికాలి మీద నిలబెట్టినవి వారం తిరక్కుండా వాలతాయి. బరువైన ఏడంగుళాలవి, పెద్ద రెక్కలున్నవి ముందు వాలతాయి. వేసవికి ముందే వాటిని రెండు కాళ్ల మీద తిన్నగా నిలబెట్టి, నడుముని పట్టే స్టాండ్ ఇవ్వండి. ఎండ నేరుగా పడకూడదు, తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది, ఎర్ర రంగు వెలుస్తుంది.

కొన్నాళ్లకి బొమ్మ జిగటగా తయారైతే బూజు కాదు. పీవీసీని మెత్తబరచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ పైకి చెమటలా వస్తోంది. గాలి ఆడని పెట్టెలో, పాలిథిన్ సంచిలో దాచినవాటికి ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి మెత్తని బ్రష్‌తో కడిగి, ఫ్యాను కింద ఆరనివ్వండి. మళ్లీ వస్తుంది, మళ్లీ కడగాలి, క్రమంగా తగ్గుతుంది. స్పిరిట్, థిన్నర్ ముట్టుకోకండి.

పన్నెండంగుళాల విషయం ఇక్కడే వస్తుంది. 2000లో హాంకాంగ్‌లో మొదలైన హాట్ టాయ్స్ లాంటి వాళ్ల 1:6 బొమ్మల్లో ముఖం పని చూస్తే నోరు తెరుచుకుంటుంది. బట్ట ఆ సైజులోనే బట్టలా ఉంటుంది. కుట్టు అంచు మిల్లీమీటరు మందం ఉంటే 1:6లో ఆరు మిల్లీమీటర్ల అంచుతో సమానం, నమ్మొచ్చు. 1:12లో 12 మిల్లీమీటర్లు, దుప్పటి చుట్టుకున్నట్టుంటుంది. మెజ్కో వాళ్లు 1:12లోనే బట్టతో చేసి మెప్పిస్తున్నారంటే అది కత్తిరింపు నైపుణ్యం, ధర కూడా ఆ మేరకే ఉంటుంది. అయితే 1:6లో తోలు కోట్లన్నీ నిజమైన తోలు కావు, బట్ట మీద పాలీయురేథేన్ పూత. గాలిలో తేమ ఆ పూతని లోపల్నుంచే తెగ్గొడుతుంది. ఐదు నుంచి పదేళ్లలో పొట్టు రాలడం మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇంకా తొందరగా. నూనె రాసినా, పాలిష్ పెట్టినా ఆగదు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే ఆలస్యమవుతుంది, అంతే. తీరంలో ఉండేవాళ్లు తోలు కోటు పాత్రల మీద పాతికవేలు పెట్టేముందు ఆలోచించాలి. కవచం వేసుకున్న పాత్రలైతే ఈ బెడద తక్కువ.

పైగా మీ అలమారాలో అరల మధ్య 30 సెంటీమీటర్లే. 1:6 మనిషి 30.5. అక్కడికి చర్చ ముగిసింది. 1:12 అయితే ఒక్కో బొమ్మకి 8 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున వరసకి 11, లోతులో మూడు వరసలు, అరకి 30 దాకా పెట్టొచ్చు. వెనక వరసల్ని 5, 10 సెంటీమీటర్ల మెట్ల మీద ఎత్తితేనే ముఖాలు కనబడతాయి. రద్దీ నచ్చకపోతే అరకి 15 చాలు.

ధరల గురించి అంచనాకి: 2023 ప్రాంతంలో అమెరికాలో 3.75 అంగుళాల స్టార్ వార్స్ వింటేజ్ కలెక్షన్ సుమారు 17 డాలర్లు, ఆరంగుళాల హాస్బ్రో 25, మెజ్కో 100 అటూఇటూ, హాట్ టాయ్స్ 250 పైన ఉండేవి. మన దగ్గర అదనంగా కస్టమ్స్ భారం. 2020లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. విదేశీ సైట్‌లో ఆర్డర్ చేసేముందు అప్పటి రేటు చూసుకుని, పార్సెల్ దిగాక కట్టాల్సింది కూడా ధరలో కలుపుకోండి. అమెరికా నుంచి వచ్చే బంధువులకి చెప్పి తెప్పించుకునేవాళ్లు 1:12నే ఇష్టపడటానికి కారణం పెట్టె సైజే. నాలుగు హాస్బ్రో పెట్టెలు పట్టే చోట ఒక్క 1:6 పెట్టె పడుతుంది. బొమ్మ తుపాకులున్న పెట్టెని చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సూట్‌కేసులో వేయమనండి.

సగం ధరకి కనబడే ఫిగువార్ట్స్ దాదాపు ఎప్పుడూ నకిలీయే. పెట్టె అక్షరాల అంచులు మసకగా ఉంటాయి, ప్లాస్టిక్ నూనె రాసినట్టు మెరుస్తుంది, తెరవగానే ఘాటైన రసాయన వాసన, కీళ్లు ఒకటి బిర్రుగా ఒకటి వేలాడుతూ. జపాన్ పెట్టెల మీద ఉండే మెరిసే లైసెన్స్ స్టిక్కర్ ఒక ఆధారమే, కానీ దాన్నీ నకలు చేస్తారు. ముఖం ఫొటో, పెట్టె వెనక ఫొటో రెండూ పంపని అమ్మకందారుని వదిలేయండి.

3.75 మీద మనసు లాగుతుంటే విదేశీవి వెతకక్కర్లేదు, మనదే ఉంది. ఎంఆర్ఎఫ్, హాస్బ్రో కలిసి పెట్టిన ఫన్‌స్కూల్ ఎనభైల చివరి నుంచి ఇక్కడే హాస్బ్రో పాత అచ్చులతో జీ.ఐ.జోలు పోసింది. అమెరికాలో ఎన్నడూ రాని రంగుల్లో ఉండటంతో అక్కడి కలెక్టర్లు వీటిని ప్రత్యేకంగా వెతుకుతారు. పాత అటకల్లో, పాతసామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. కొనేటప్పుడు బొటనవేళ్లు, కాళ్లు కలిసే చోటు చూడండి, విరిగేవి అవే. తుపాకి పిడి పెట్టేముందు చేతిని వేడినీళ్లలో మెత్తబరిస్తే వేలు మిగులుతుంది. నడుము వేలాడుతుంటే భయపడొద్దు, లోపలి రబ్బరు రింగు పాడైంది, అంతే. వీపు స్క్రూ విప్పితే ఛాతీ రెండు ముక్కలవుతుంది. పాత రింగు తీసేసి, కాళ్లని కలిపే లోహపు కొక్కేనికి కొత్తది తగిలించి, నడుము ముక్కలోంచి పైకి లాగి, స్క్రూ దూరే స్తంభం చుట్టూ వేసి మూయాలి. స్క్రూ బిగుసుకోగానే ఆపండి. ఇంకో తిప్పు తిప్పితే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది. ఆఫీసు రబ్బరు బ్యాండు పెట్టొద్దు, నెలల్లో కరిగి అంటుకుంటుంది.

మీ దగ్గరున్న రెండు మెక్‌ఫార్లేన్ బ్యాట్‌మాన్‌లని అమ్మేయాల్సిన పని లేదు. వాటిని వేరే అరలో, పక్కన ఏ 1:12 బొమ్మా లేకుండా పెట్టండి. లేదా అలమారా పైఅరలో రాతి గార్గాయిల్ (పాత భవనాల అంచున చెక్కే వికృత శిల్పం) లాంటి దిమ్మ మీద కూర్చోబెట్టండి. కూర్చున్న భంగిమలో, ఎత్తున, విడిగా ఉన్నప్పుడు మూడు సెంటీమీటర్ల తేడా ఎవరికీ అందదు. ఫిగువార్ట్స్‌ని హాస్బ్రో బొమ్మలకి కాస్త ముందు నిలబెట్టండి, దగ్గరున్నది పెద్దగా కనబడి లోటు పూడుతుంది. కొత్తగా కొనే మొదటి మూడు బొమ్మల్నీ ఒకే వరస నుంచి, వేర్వేరు ఎత్తుల పాత్రలుగా ఎంచుకోండి. ఒక పొట్టి, ఒక మామూలు, ఒక భారీ. ఆ కంపెనీ స్కేల్‌ని నిజంగా పాటిస్తోందో లేదో ఆ మూడింటిని పక్కపక్కన పెడితే తేలిపోతుంది.